చేరేనాడు చూసిన సిరలు, సెలవు అడిగేనాడు కనబడవా?



కేంద్ర సర్వీసుల పోటీ పరీక్షలకు సంబంధించిన వైద్య నిబంధనలలో ఒక చిన్న వాక్యం కలదు. కంటిచూపు, వినికిడి, ఛాతీ కొలతలతోపాటు అభ్యర్థికి వేరికోస్ వీన్స్ లేవని కూడా వైద్యుడు నిర్ధారించుకోవాలని దాని సారాంశం. అనగా కాళ్ళలో ఉబ్బిన సిరలు ఉద్యోగ నిర్వహణకు సంబంధించిన విషయమేనని ప్రభుత్వం తానే అంగీకరించినది. మరి ఇరవై అయిదేళ్ళు నిలబడి పనిచేసిన ఉద్యోగి పిక్కల మీద అవే సిరలు మెలికలు తిరిగి పైకి తేలినప్పుడు అధికారవర్గం ఏమంటున్నది? "అది నీ సొంత జబ్బు" అంటున్నది. చేరేనాడు సర్కారు వ్యవహారమైన సిర, సర్వీసు ముగిసేనాటికి సొంత వ్యవహారం ఎట్లా అయినది?

కొంతకాలం క్రితం సంఘం పనిమీద కొత్తవలస-కిరండూల్ లైనులో జగదల్‌పూర్ ప్రాంతానికి వెళ్ళాను. బస్తరులోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు ఎగుమతి చేయడానికి 1960వ దశకంలో వేసిన మార్గమది. ఒక గేటు వద్ద శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చిన సోదరుడొకడు పంట్లాం మడిచి కాలు చూపించాడు. చీలమండ పైన చర్మం నల్లబడి గట్టిపడి ఉన్నది. లోపలి వైపున రూపాయి బిళ్ళంత పుండు ఎనిమిది నెలలుగా మానలేదు. చూపించుకున్న చోట మలాము ఇచ్చి, నిలబడడం తగ్గించమన్నారట. "బండొచ్చినప్పుడు కూకోని జెండా సూపమంతారేటి బాబూ?" అని అతడు నన్నడిగాడు. ఈ ప్రశ్న నన్ను కాదు, రైల్వే బోర్డును అడగవలసినది.

వ్యాధి స్వభావాన్ని ప్రతి సభ్యుడూ తెలుసుకోవలసి ఉన్నది. కాళ్ళలోకి రక్తాన్ని పంపేది గుండె. పైకి చేర్చడానికి తోడ్పడేది పిక్క కండరం. అడుగు వేసినప్పుడల్లా ఆ కండరం బిగిసి సిరలను నొక్కుతుంది. సిరలలోని కవాటాలు రక్తం తిరిగి క్రిందికి జారకుండా ఆపుతాయి. కదలకుండా నిలబడినప్పుడు ఈ పంపు ఆగిపోతుంది. అప్పుడు చీలమండ వద్ద సిరలలోని ఒత్తిడి పాదరసమానంలో సుమారు 80 నుండి 90 మిల్లీమీటర్లు ఉంటుంది. నడుస్తున్నప్పుడు అదే 30 ప్రాంతానికి పడిపోతుంది. ఏళ్ళ తరబడి హెచ్చు ఒత్తిడిని మోసిన సిర సాగుతుంది, కవాటం చెడుతుంది. మొదట సాయంత్రపు బరువు, వాపు. తరువాత తేలిన సిరలు, దురద, నల్లమచ్చలు. చివరకు మానని పుండు.

కనుక నడక శత్రువు కాదు. కదలిక లేని నిలుపు శత్రువు. గేటు వద్ద, ప్లాట్‌ఫారం మీద, సార్టింగు కేసు ముందు మన సోదరులు చేస్తున్నది అదే. ఆర్.ఎం.ఎస్.లో పదకొండేళ్ళు రాత్రి డ్యూటీలలో కేసు ముందు నిలబడి ఉత్తరాలు గూళ్ళలో వేసిన నా కాళ్ళే దానికి సాక్ష్యం. ట్రాక్‌మన్ నడుస్తాడు గదా అంటారు. నిజమే. కాని అతడు ఎత్తే బరువులు పొట్టలో ఒత్తిడిని పెంచి, రక్తం పైకి రాకుండా అడ్డుకుంటాయి. ఇంజనులోనూ కౌంటరులోనూ గంటల తరబడి కాళ్ళు వ్రేలాడవేసి కూర్చున్నవారికి మరొక ముప్పు ఉన్నది. లోతు సిరలలో రక్తం గడ్డకట్టవచ్చును. ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి పుడితే ఒక్క రోజు కూడా ఆగరాదు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణమే పోవచ్చును.

కాలివాపులన్నీ ఒకటి కావు. మన కోస్తా జిల్లాలవారిలో అది బోదకాలు కావచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో ఎక్కువగా ఉన్న సికిల్ సెల్ వ్యాధి వలన కూడా చీలమండ వద్ద పుండు రావచ్చు. నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గే నొప్పి ధమనులది కావచ్చు. బీడీ, సిగరెట్టు దానికి ఆజ్యం పోస్తాయి. అట్టివారు బిగుతు మేజోళ్ళు వేసుకుంటే కీడే జరుగును. అందువలననే డాప్లర్ పరీక్ష చేయకుండా మలాము చేతిలో పెట్టి పంపడం వైద్యం కాదు, వదిలించుకోవడం.

ఇది వంశపారంపర్యమనీ, వయస్సు వలన, బరువు వలన, స్త్రీలలో కాన్పుల వలన వస్తుందనీ అధికారులు వాదిస్తారు. అవి కారణాలే. మేము కాదనలేదు. కాని బలహీనమైన సిరపై రోజుకు పన్నెండు గంటల నిలుపును మోపినది ఎవరు? డెన్మార్క్‌లో ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులను ఏళ్ళ తరబడి పరిశీలించిన పరిశోధకులు, పనిలో ఎక్కువ సమయం నిలబడేవారు ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరడం హెచ్చుగా ఉన్నదని తేల్చారు. మన 2005 నాటి రైల్వే పనిగంటల నిబంధనలు మాత్రం, 'ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్' అని పేరు పెట్టిన ఉద్యోగిని పన్నెండు గంటల డ్యూటీకి పెట్టడానికి వీలు కల్పించాయి. పని అప్పుడప్పుడే ఉన్నదని ఫైలు చెప్పవచ్చును. కాలిలోని రక్తానికి ఆ ఫైలు చదువరాదు.

చట్టం సంగతి చూడండి. నిలబడి పనిచేయవలసిన కార్మికునికి కూర్చునే సదుపాయం ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ శాసించినది. అదే చట్టం ఫ్యాక్టరీ నిర్వచనం నుండి రైల్వే రన్నింగ్ షెడ్డును తప్పించినది! 1923 నాటి పరిహార చట్టపు వృత్తివ్యాధుల షెడ్యూలులో సిరల వ్యాధికి చోటు దక్కలేదు. అడగనిదే ఏ షెడ్యూలూ పెరగదు. టెలిగ్రాఫ్ ఉద్యోగుల చేతికి వచ్చే కొంకర్లను బ్రిటన్ 1908లో పరిహారానికి అర్హమైన వృత్తివ్యాధిగా గుర్తించినది. చేతికి దక్కిన న్యాయం కాలికి ఎందుకు దక్కదు? కేరళ బట్టల దుకాణాల స్త్రీలు పోరాడి 2018లో కూర్చునే హక్కును చట్టంలో వ్రాయించుకున్నారు. 2021లో తమిళనాడు అదే బాట పట్టినది. పెద్ద సంఘాలు, ఘన చరిత్రలు ఉన్న మనకు ఆ దుకాణపు చెల్లెళ్ళు పాఠం చెప్పారు.

ఆత్మవిమర్శ కూడా చేసుకుందాం. 1974 మే నెలలో ఇరవై రోజులు చక్రాలను ఆపిన వారసత్వం మనది. మన కోరికల పత్రాలలో డి.ఎ. ఉన్నది, బోనసు ఉన్నది, పెన్షను ఉన్నది. కాళ్ళు లేవు. నొప్పిని మగతనంగా భరించడమే డ్యూటీ అనుకున్నాం. ఇక బస్తరు అడవి గ్రామాలకు సైకిలు మీదా కాలినడకనా టపా చేర్చే గ్రామీణ డాక్ సేవకుని సంగతి? రికార్డులో అతడు నాలుగైదు గంటల ఉద్యోగి. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకపు కార్డు అతనికి లేదు. అతని కాలు ఎవరి లెక్కలోనూ లేదు.

కావున ప్రతి బ్రాంచి సర్వసభ్య సమావేశంలో ఈ క్రింది కోరికలపై తీర్మానం చేయవలసినదిగా విజ్ఞప్తి:

1. నిలబడి చేసే ప్రతి పనిచోటా కుర్చీ, ప్రతి రెండు గంటలకు కూర్చుని కాళ్ళు చాపుకొనే విరామం.

2. గేట్లలో ఎనిమిది గంటల రోస్టరు. మినహాయింపులు చెల్లవు.

3. నిర్ణీతకాల వైద్యపరీక్షలో కాళ్ళ పరీక్ష. అవసరమైనవారికి డాప్లర్, మేజోళ్ళు, లేజరు లేక శస్త్రచికిత్స ఉచితంగా. కిరండూల్ నుండి విశాఖకు 450 కిలోమీటర్లకు పైగా రోగిని రప్పించుటకు బదులు, నిపుణుడే నెలకొకసారి లైనుకు రావాలి.

4. పుండు మానేవరకు పూర్తి జీతంతో సెలవు, తేలిక పని.

5. వృత్తివ్యాధుల జాబితాలో సిరల వ్యాధికి చోటు.

6. గ్రామీణ డాక్ సేవకులకు ఇవే హక్కులు.

తీర్మానంతోపాటు ఒక లెక్క కూడా కావాలి. ప్రతి బ్రాంచి కార్యదర్శి తన సభ్యులలో కాలివాపు, తేలిన సిరలు, మానని పుండు ఉన్నవారు ఎందరో, ఏ పనిలో ఎన్నేళ్ళుగా ఉన్నారో వ్రాసి కేంద్ర కార్యాలయానికి పంపాలి. అధికారులకు మన బాధ వినబడదు. మన లెక్క వినబడుతుంది.

బస్తరు గేటు వద్ద ఆ సోదరుడు అడిగిన ప్రశ్నకు నేను ఆనాడు జవాబు చెప్పలేక తిరిగి వచ్చాను. మనమందరం కలిసి చెప్పవలసిన జవాబు అది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!