పెట్టె ఒకటే, తాళంచెవులు రెండు

పోస్టు కాస్త పెద్దదే. కంప్యూటర్స్ తీసుకున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చివరిదాకా చదవండి.

పోయిన సెమిస్టర్ జావా ల్యాబ్‌లో హాస్టల్ మెస్ లెక్క ప్రాజెక్టుగా చేశాను. రెండు క్లాసులు, హాస్టల్, మెస్. హాస్టల్ దగ్గరున్న పిల్లల లిస్టునే మెస్ కన్‌స్ట్రక్టర్‌కి ఇచ్చాను. ఊరెళ్ళినవాళ్ళకి వండక్కర్లేదు కదా, అందుకని మెస్ వాళ్ళ పేర్లు తీసేస్తుంది. రన్ చేస్తే, భూమి పండక్కి వెళ్ళిన ముగ్గురు మెస్ లిస్టులోంచే కాదు, హాస్టల్ రిజిస్టర్లోంచి కూడా పోయారు. ఎర్రర్ ఒక్కటి రాలేదు. అదే నిజం సాఫ్ట్‌వేర్ అయితే, పండక్కెళ్ళొచ్చిన పిల్లాడికి నీ పేరే లేదు పొమ్మంటారు.

అడిగితే "ఆబ్జెక్ట్స్ పాస్ బై రిఫరెన్స్, రాసుకో" అన్నారు. రాసుకున్నాను. తర్వాత ఒక మెథడ్ లోపల అదే లిస్టు పేరుకి కొత్త అర్రేలిస్ట్ పెట్టి చూశాను. బయట ఏమీ మారలేదు. పాస్ బై రిఫరెన్స్ అయితే మారాలి కదా! మళ్ళీ అడగలేదు. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, ఇక్కడ అమలాపురం వచ్చాక ఇంగ్లీషు. రెండోసారి అడగాలంటే మనవాళ్ళకి నోరు రాదు, మీకూ తెలుసు.

నా అభిప్రాయం ఏంటంటే, ఆ ఒక్క వాక్యం రికార్డుల్లోంచి తీసెయ్యాలి. అది తప్పు. జావా తయారుచేసిన జేమ్స్ గోస్లింగ్ ఒక రచయితగా ఉన్న "ద జావా ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్" పుస్తకంలోనే జావాలో ఉన్నది పాస్ బై వాల్యూ ఒక్కటేనని ఉంటుంది. అయితే ఆ వాల్యూ ఆబ్జెక్ట్ కాదు, దాని రిఫరెన్స్. మన హాస్టల్ ట్రంకుపెట్టె అనుకోండి. నేను మీకు పెట్టె ఇవ్వలేదు, తాళంచెవికి నకలు చేయించి ఇచ్చాను. మీరు తెరిచి చొక్కా తీస్తే నా పెట్టెలోనూ చొక్కా ఉండదు, ఎందుకంటే పెట్టె ఒకటే. మీరు ఆ చెవి పక్కన పడేసి వేరే పెట్టె చెవి పట్టుకుంటే నా చెవికేం కాదు. నాకు వచ్చిన రెండు ఫలితాలూ ఇంతే.

(జావాలో పాయింటర్లు లేవని చెప్తారు. మరి రోజూ మనల్ని ఏడిపించే ఎర్రర్ పేరు నల్ పాయింటర్ ఎక్సెప్షన్.)

కొందరు సీనియర్లు "ప్రతిసారీ కాపీ చేసి ఇచ్చెయ్, గొడవుండదు" అంటారు. దీనికీ నేను ఒప్పుకోను. న్యూ అర్రేలిస్ట్ అని పాత లిస్టు ఇస్తే పెట్టె కొత్తదే వస్తుంది. కానీ లోపల ఉండేవి పాత స్టూడెంట్ ఆబ్జెక్టులకే చెవులు. పేరు తీసేస్తే హాస్టల్‌కి ఏం కాదు గానీ, ఒక పిల్లాడి రూమ్ నంబర్ మారిస్తే రెండు చోట్లా మారుతుంది. పైగా కొన్నిసార్లు అలా మారడమే కావాలి. పిల్లాడు రూమ్ మారితే మెస్‌కి తెలియొద్దా? పంచుకోవడం తప్పు కాదు. మార్చే హక్కు ఎవరిదో ముందు తేల్చకపోవడం తప్పు. రిజిస్టర్ హాస్టల్‌ది. మెస్ చూడాలి, చెరపకూడదు. కలెక్షన్స్‌లో అన్‌మాడిఫయబుల్ లిస్ట్ అని ఉంది. అలా చుట్టి ఇస్తే, మెస్ పేరు తీయబోయినప్పుడు ప్రోగ్రాం అక్కడే ఎక్సెప్షన్ ఇస్తుంది. చప్పుడు లేకుండా పేర్లు పోవడం కంటే అదే నయం.

చివరికి మెస్ క్లాసులో "ఊరెళ్ళినవాళ్ళు" అని వేరే లిస్టు పెట్టాను. వండేటప్పుడు ఆ సంఖ్య తీసేస్తే చాలు, రిజిస్టర్ జోలికి పోనక్కర్లేదు.

పైథాన్ నేర్చుకునేవాళ్ళకీ లిస్టులతో ఇదే తంటా. కోడ్ రాసేముందు కాగితం మీద ఆబ్జెక్టుకో డబ్బా, రిఫరెన్సుకో బాణం గీయండి. రెండు బాణాలు ఒకే డబ్బాకి వెళ్తే అక్కడ ఆగి ఆలోచించండి. అమలాపురం, కొత్తపేట హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు ఆదివారం సాయంత్రం వస్తే కూర్చుని గీద్దాం. ఎన్నిసార్లయినా అడగొచ్చు, తెలుగులో అయినా కోయలో అయినా.