గడ్డకట్టిన నీటిపై నడక

హనుమంతునిపాడువంటి మెట్టసీమలో చెరువునీరు గడ్డకట్టి బాటయగుట మన మెన్నడును చూడలేదు. మంచనగా మనకు తెల్లవారుజామున పొలములపై క్రమ్ము పొగమంచే. అయినను మన కనిగిరి, మార్కాపురము ప్రాంతముల బిడ్డలు నేడు చదువులకును కొలువులకును చలిదేశములకు పోవుచున్నారు. అందుచే ఈ విషయము మన గృహములకును అవసరమైనది.

2022వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున, ఉడ్స్ క్యానియన్ సరస్సుమీద మంచుగడ్డ విరిగి తెలుగువారు ముగ్గురు నీట మునిగి మరణించిరి. వారు ఆటకు దిగినవారు కారు, నడచుచుండినవారే. ఆ రాష్ట్రము చాలవరకు మన సీమవలెనే ఎండలకు పేరుపడినది. కొండలపై నున్న ఆ సరస్సు మాత్రము శీతకాలమున పైపొర గట్టిపడును. చూపునకు నేలవలెనే యుండును. మోసమంతయు అందే కలదు.

అడుగున ఇనుపపట్టెలుగల జోళ్లు తొడిగి గడ్డనీటిపై జారుట ఐరోపావారికి తరతరముల విద్య. హాలెండు దేశమున పదునొకండు పట్టణములను చుట్టివచ్చు పందెమొకటి కలదు. దాని దూరము సుమారు 200 కిలోమీటర్లు. 15 సెంటీమీటర్ల మందము లేనిదే పందెము సాగనీయరు. దేశమంతయు ఉవ్విళ్లూరుచున్నను కొలత చాలనిచో మానుకొందురు. 1909 మొదలు 1997 వరకు జరిగినది 15 పర్యాయములే; ఆ తరువాత జరుగనే లేదు. మనము నేర్వవలసిన మొదటి పాఠమిదియే: మంచును కంటితో నమ్మరాదు, కొలిచి నమ్మవలెను.

నడచుటకైనను స్వచ్ఛమైన గట్టిగడ్డ 10 సెంటీమీటర్లకు తక్కువ యుండరాదు. తెల్లని గడ్డకు అందు సగము బలమే. మన చెరువులో తూము దగ్గరి లోతు వేరు, ఒడ్డు దగ్గరి లోతు వేరు అయినట్లే, మంచుమందమును చోటుచోటునకు మారును. వాగు వచ్చి కలియు చోటను, వంతెన క్రిందను, రెల్లు మొలచిన చోటను పలుచన. చలికాలము చివర మందముగా నున్నను లోన గుల్లబారును.

స్వీడను దేశస్థులు ఒంటరిగా పోరు. ఇనుపమొనగల కఱ్ఱతో ముందు పొడిచి చూతురు. మెడలో రెండు చిన్న మేకుపిడులు వ్రేలాడును. వెంట త్రాడును, తడియని సంచిలో మారుబట్టలును ఉండును. కొన్ని బడులలో పిల్లలకు నడుమున త్రాడుకట్టి, మంచుకంతలో దింపి, పైకి వచ్చు విధము నేర్పుదురు.

పడినచో మొదటి నిమిషమున ఊపిరి ఎగదన్నును. బెదరక దానిని నిలుపుకొనవలెను. కాలుసేతులు స్వాధీనమం దుండునది సుమారు పది నిమిషములే. వచ్చిన వైపునకే తిరిగి, కాళ్లు తన్నుచు, మేకులు గ్రుచ్చి ప్రాకవలెను. పైకి వచ్చిన పిమ్మట లేచి నిలువక, పొరలుచు దూరము పోవలెను.

చూచినవారు పరుగున దగ్గరకు పోరాదు. అమెరికాలో 911, ఐరోపాలో 112 సంఖ్యకు ఫోను చేయవలెను. మన యూళ్లలో బావిలో పడినవారికి గట్టునుండియే చేంతాడో చీరయో అందింతుము గదా, అట్లే ఒడ్డున నిలిచి త్రాడో, కొమ్మయో విసరవలెను. బయటపడినవారి తడిబట్టలు తీసి, పొడిబట్టలు చుట్టి, వైద్యునికి చూపవలెను. కాలుసేతులు రుద్దరాదు, సారాయి త్రాగింపరాదు.

చలిదేశమందున్న బిడ్డతో ఫోనులో మాటాడునప్పుడు “అన్నము తింటివా?” యని యడుగక మానము. శీతకాలమున మఱియొక మాటయు అడుగుడు: “నాయనా, సరస్సుమీద కాలు మోపుటకు ముందు అక్కడివారు కొలిచి చూచిరా?” లేదని చెప్పినచో, ఒడ్డుననే యుండి చూడుమని గట్టిగా చెప్పుడు.