గరగరకూ ఓ విలువ

1902లో కోల్‌కతాలో గ్రామఫోన్ బాకా ముందు నిలబడి పాడిన గౌహర్ జాన్‌కు తప్పు దొర్లితే సరిదిద్దుకునే వీల్లేదు. శతాబ్దం దాటాక అదే నగరంలో టెట్రాగ్రమసైడ్, కపాల లాంటి ఎక్స్‌ట్రీమ్ మెటల్ బృందాలు గరగరనే సంగీతం చేసుకున్నాయి. ఈ బాణీ అభిమానులు లైవ్ రికార్డింగుల కోసం వెంపర్లాడటంలో వింతేమీ లేదు. అందులో చెమట, అలసట, తడబాటు అన్నీ వినిపిస్తాయి.

నార్వే బృందం మేహెమ్ సంగతే చూడండి. 1990 నవంబర్ 26న జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఇచ్చిన ప్రదర్శన 1993లో ఆల్బమ్‌గా వచ్చింది. శబ్ద నాణ్యత అంతంత మాత్రమే. కానీ 'డెడ్' పేరుతో పాడిన గాయకుడు 1991లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1994 నాటి స్టూడియో ఆల్బమ్‌లో వినిపించేది మరొకరి గొంతు. ఆ పాటల్లో కొన్నింటిని డెడ్ గొంతులో వినాలంటే ఇలాంటి టేపులే దిక్కు.

అలాగని 'లైవ్' అన్న ముద్ర కనిపిస్తే చాలు, నమ్మేయనక్కర్లేదు. జుడాస్ ప్రీస్ట్ 1979లో విడుదల చేసిన 'అన్‌లీష్డ్ ఇన్ ది ఈస్ట్'లో గాత్రాన్ని స్టూడియోలో మళ్లీ పాడానని రాబ్ హాల్‌ఫోర్డే ఒప్పుకున్నారు.

చిన్న బృందాలు ఎప్పుడు విడిపోతాయో, ఎవరు దూరమవుతారో చెప్పలేం. కోల్‌కతా కుర్రాళ్లు తమ ప్రదర్శనలను రికార్డు చేసి, నాసిరకమైనా సరే, చెరిపేయకుండా దాచుకోవాలి.