లోపం విద్యార్థి మనస్సులోనేనా?

“పట్టభద్రుల మనస్సు ఉద్యోగ జీవితానికి సిద్ధంగా లేదు.” యాజమాన్యాల సభలలోను, కళాశాలల వేదికలపైనను నేడు ఈ మాట మంత్రంవలె జపింపబడుతున్నది. ఆత్మవిశ్వాసం లేదట, చొరవ లేదట, ఓర్పు లేదట. దీనికి మందు రెండు గంటల ఉపన్యాసమట! మేము ఈ రోగనిర్ధారణను అంగీకరించము. మనస్సుకు పాత్ర లేదని మా వాదన కాదు. ఆ మనస్సును తయారుచేసేది ఏది అన్నదే తగాదా.

సూరత్‌నే చూడండి. వరంగల్, విజయవాడ స్టేషన్లలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌కు పచ్చజెండా చూపే మన సోదరులకు, ఆ బండిలో మూటలతో ఎక్కే నేత కుటుంబాలు క్రొత్త కాదు. ఊళ్లలో మగ్గం కూడు పెట్టక తరలిపోయిన తెలంగాణా పద్మశాలీలు లింబాయత్ ప్రాంతంలో దశాబ్దాలుగా స్థిరపడి ఉన్నారు. వారి పిల్లల కొరకు సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడ నడిపింది. ఆ పిల్లలలో కొందరు నేడు, 1965లో స్థాపితమైన దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయపు పట్టాల వరకు వచ్చారు.

ఆ ఇంటి బిడ్డ పుట్టినది మొదలు చూచినదేమి? తండ్రి మరమగ్గాల షెడ్డులో (సిరిసిల్లవారు సాంచాలంటారు) 12 గంటల షిఫ్టు చేసి వస్తాడు. మీటరు లెక్కన కూలి. నియామక పత్రం లేదు, ప్రావిడెంట్ ఫండు లేదు. సాంచాల మోతకు చెవులు మందగించినా అడిగే నాథుడు లేడు. ఇది చాలదన్నట్లు, ఫ్యాక్టరీలలో రోజుకు 12 గంటల పనికి వీలు కల్పిస్తూ గుజరాత్ ప్రభుత్వం 2025లో ఆర్డినెన్సు తెచ్చి, శాసనసభలో ఆమోదింపజేసుకున్నది. ఇట్టి పనికి మనస్సు జంకితే అది మనస్సు లోపమా?

ఆత్మవిశ్వాసం గురించి ఉపన్యసించేవారు తరచు ఉదహరించే పండితుడు ఆల్బర్ట్ బండూరా. 1977లో ఆయన చెప్పినదేమి? “నేను చేయగలను” అనే నమ్మకానికి అన్నిటికంటె బలమైన ఆధారం స్వయంగా చేసి నెగ్గిన అనుభవం. తనవంటివారు నెగ్గగా చూడడం దాని తరువాతిది. మాటలతో నూరిపోసే ప్రోత్సాహం వీటికంటె బలహీనమైనది. మన దొరలు మొదటి రెంటిని వదలి మూడవదానినే పట్టుకున్నారు. ఉపన్యాసం చౌక, ఉద్యోగం ఖరీదు గదా!

నిరీక్షణ మనస్సును ఏమి చేస్తుందో తెలియాలంటే ఆస్ట్రియాలోని మారియెంతాల్ గ్రామాన్ని గుర్తు చేసుకోవాలి. సూరత్‌వలె అదియు బట్టల మిల్లుపై బ్రతికిన ఊరే. మిల్లు మూతపడిన తరువాత మేరీ యహోదా బృందం అక్కడ పరిశోధన జరిపి 1933లో గ్రంథం ప్రచురించినది. చేతినిండా తీరిక ఉన్నది, గ్రంథాలయంలో రుసుము ఎత్తివేశారు. అయినను ప్రజలు తీసుకునే పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయినది. సోమరితనం వలన పని పోలేదు. పని పోయినందువలన మనస్సు కుంగినది.

మన రైల్వేలో జరిగినదేమి? 2019లో ఎన్.టి.పి.సి. కేటగిరీలలో 35 వేల పైచిలుకు ఖాళీలకు ప్రకటన వెలువడగా సుమారు 1.25 కోట్ల దరఖాస్తులు వచ్చాయి. మొదటి దశ పరీక్ష ఆరంభమైనది 2020 డిసెంబరులో. ఫలితాలు వచ్చినది 2022 జనవరిలో. బీహారులో అభ్యర్థులు పట్టాలపైకి వచ్చినప్పుడు, వారికి ఓర్పు లేదన్నారు! మూడేండ్లు చదువుతూ కూర్చున్నవారికా ఓర్పు లేనిది?

చేసి నేర్చుకునే దారి ఉన్నదిగదా, 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉన్నదిగదా అంటారు. ఉన్నది. 2014 సవరణతో ఇంజనీరింగేతర పట్టభద్రులకును దాని తలుపు తెరిచారు. కాని 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థియే గాని కార్మికుడు కాడు. శిక్షణ ముగిసిన తరువాత ఏమి? 2018 మార్చిలో ముంబయిలో, మాటుంగా–దాదర్ మధ్య పట్టాలపై కూర్చున్న యువకులు అడిగినది ఆ ప్రశ్ననే. రైల్వే వర్క్‌షాపులలో పని నేర్చినవారు వారు. అట్టివారిని వీధిలో వదలిపెట్టి, యువతకు నైపుణ్యం లేదనడానికి నోరెట్లు వచ్చినది?

మన తప్పును కూడ దాచము. సర్కారు నౌకరీ రాకుంటే బ్రతుకు వ్యర్థమని పిల్లవాని నెత్తిన మోపుతున్నది మన క్వార్టర్లలోని తండ్రులమే. డిపోకు వచ్చిన అప్రెంటిస్‌ను పనిముట్టు ముట్టనీయక టీ తెమ్మని పంపేది మనలోని సీనియర్లే. పోస్టాఫీసులో డిగ్రీ చదివిన గ్రామీణ డాక్ సేవకుని “మనవాడు కాడు” అన్నట్లు చూచేది మనమే. ఆ చూపు క్రింద ఏ మనస్సు ఎదుగుతుంది?

కాబట్టి మేము కోరేది ఉపన్యాసాలను కాదు. ఖాళీలు ఏటేటా నింపాలి, పరీక్ష తేదీతోపాటు నియామకపు తేదీ ప్రకటించాలి, శిక్షణ ముగించినవారిని సర్వీసులోకి తీసుకోవాలి. ఇవి ప్రభుత్వం చేయవలసినవి. మనం చేయవలసినది మరొకటి. సూరత్, ఉధ్నా శాఖల కార్యాలయాలను ఆదివారాలు విద్యార్థులకు తెరవండి. లింబాయత్ వీధులకు కబురు పంపండి. పేస్లిప్పు చదవడం, ఓవర్‌టైము లెక్క కట్టడం, ఫిర్యాదు వ్రాయడం వారిచేతనే చేయించండి. వచ్చే కౌన్సిల్ సమావేశానికి ఎందరు వచ్చారో, ఏమేమి అడిగారో శాఖా కార్యదర్శులు వ్రాసి తేవాలి.