రేకు కదులుతుంది, చోటు వదలండి

పల్నాటి పల్లెల్లో ఇప్పుడు పెంకుటిల్లు కనబడితే ఆగి చూడవలసి వస్తోంది. నాపరాళ్ల కప్పులూ తగ్గాయి. పశువుల కొట్టం మొదలు బడి వరండా వరకు రంగు రేకులే. తప్పు లేదు, త్వరగా లేస్తుంది, తేలికగా ఉంటుంది. కాని వేసిన కొద్దికాలానికే కారుతోందన్న మాట చాలా ఊళ్లలో వినబడుతోంది. "ఈ కాలపు రేకు పనికిరాదు" అని తేల్చేస్తున్నాం. నా అభిప్రాయంలో తప్పు చాలాచోట్ల రేకుది కాదు, బిగించినవారిది. కింద నిలబడి చూసి ఊరుకున్న మనది కూడా.

మా షెడ్డు సంగతే చెబుతాను. 30 అడుగుల రేకులు ఒకే ముక్కగా వేయించాను. పనివారు స్క్రూలను వాషరు నలిగి చీలేదాకా బిగించారు. పై అంచును గోడలోకి దూర్చి సిమెంటు మాలుతో మెత్తారు. "ఇక కదలదు" అన్నారు. నాకూ గట్టిగానే తోచింది. రెండు ఎండాకాలాలు గడిచేసరికి మాలు బీటలిచ్చింది, స్క్రూ రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగాయి. ఆ ఏడు తొలకరికి కింద ఉన్న మిరపకాయల బస్తాలు పన్నెండు తడిశాయి. తడిసిన కాయకు యార్డులో ఏ ధర పలుకుతుందో రైతుకు చెప్పనక్కరలేదు.

ఇనుము వేడికి సాగుతుందన్నది మనకు కొత్త కాదు. బండి చక్రానికి పట్టా వేసే కమ్మరి ఏం చేసేవాడు? పట్టాను చక్రం కంటే కొద్దిగా చిన్నదిగా చేసి, మంటలో ఎర్రగా కాల్చి, సాగినప్పుడు తొడిగి నీళ్లు పోసేవాడు. చల్లారి బిగుసుకున్నాక చక్రంలో ఏ చెక్కా కదిలేది కాదు. ఆ బలమే మన కప్పు మీద రోజూ పనిచేస్తోంది.

రెంటచింతల ఎండలో మధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడికీ, చలికాలపు తెల్లవారుజాముకూ 50 డిగ్రీల తేడా ఉండవచ్చు. అంత తేడాకు 30 అడుగుల ఉక్కు రేకు సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. అల్యూమినియం అయితే దాదాపు రెట్టింపు. వెలుతురు కోసం మధ్యలో వేసే పాలికార్బనేటు రేకు ఉక్కు కంటే ఐదు రెట్లు సాగుతుంది. దాన్నీ అదే తీరున బిగిస్తే స్క్రూ దగ్గర పగలకేం చేస్తుంది?

చేయవలసింది పెద్ద ఖర్చు పని కాదు. పొడుగు రేకును ఒక చివర గట్టిగా పట్టించి, మిగిలిన చోట్ల రంధ్రం స్క్రూ కంటే కాస్త పెద్దదిగా తొలిచి, వెడల్పు రబ్బరు వాషరు వేయాలి. వాషరు కొంచెం అదిమినట్టుంటే చాలు. గోడ దగ్గర రేకును మాలులో పూడ్చరాదు. గోడకు వేరే మడత రేకు బిగించి, అది కప్పు మీదికి వాలేలా వదలాలి. అయితే చోటు వదలడమంటే స్క్రూలు తగ్గించడం కాదు. ఈ మాటను అడ్డం పెట్టుకుని స్క్రూలు మిగుల్చుకునేవారూ ఉంటారు, జాగ్రత్త. గాలిదుమారానికి ముందు లేచేవి అంచు రేకులే. అక్కడ స్క్రూలు దగ్గరదగ్గరగా ఉండవలసిందే.

సొంత షెడ్డయితే మన ఇష్టం. ప్రజల సొమ్ముతో వేసే బడి వరండాల మాటేమిటి? బిల్లు రాసేముందు కొలతలు తీసుకునే ఇంజనీరుగారు కప్పు ఎక్కి గోడ అంచూ, నాలుగు స్క్రూలూ చూస్తే చాలు. పంచాయతీ పెద్దలు ఈ మాట పని మొదలుకాకముందే అడగాలి. మా ఊరి బడికి రేకులు దిగాయి, పని ఇంకా మొదలుకాలేదు. నిచ్చెన లేదంటారేమో, మా ఇంట్లో ఉంది.