కంప్యూటర్ కబుర్లు: రెండు తెరల ప్రూఫు



కిందటి సంచిక నివాళి పేజీలో ఒక వాక్యం ఎగిరిపోయింది. మీలో చాలామంది గమనించి ఉండరు. పోయినాయన భార్య గమనించారు. వారి అబ్బాయి రాసిచ్చిన కాగితంలో వరుసగా రెండు వాక్యాలు "ఆయన" అన్న మాటతోనే మొదలవుతాయి. పై వాక్యం సరిచూసి, తెర మార్చి, తిరిగి వచ్చేసరికి నా కన్ను మొదటి "ఆయన"ను దాటి రెండో దాని మీద వాలింది. ఆమె పేరున్నది ఆ పోయిన వాక్యంలోనే. మొన్న హోసూరు సంతలో కనిపించి, "అందరి పేర్లూ వేసి నన్నొక్కదాన్నే వదిలేస్తివి కదా నాయనా" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను.

తప్పు నాదే. అయితే నేను పనిచేసే పద్ధతికీ అందులో పాలుంది. మన పత్రిక పేజీలు కట్టే తెలుగు సాఫ్ట్‌వేరు సంఘం గదిలోని ఒక్క కంప్యూటర్‌లోనే ఉంది. రాతప్రతుల స్కానులూ అందులోనే. నేను ఇంట్లో కూర్చుని రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా, అంటే ఇక్కడి తెరా కీబోర్డులతో అక్కడి యంత్రాన్ని నడుపుతూ, ప్రూఫు చూస్తాను. ల్యాప్‌టాప్ పక్కన పెద్ద మానిటర్ ఉన్నా, సంఘం కంప్యూటర్ ఒక్క తెరలోనే కనిపించేది. రాతప్రతి ఒకసారి, పేజీ ఒకసారి, తిప్పి తిప్పి చూడటమే.

ఆ రాత్రే కూర్చున్నాను. సంఘం కంప్యూటర్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి గంటసేపు వెతికాను. దూరం నుంచి నడిపేటప్పుడు వీటిని మార్చడం కుదరదని అది చెబుతూనే ఉంది, నాకే ఎక్కలేదు. మార్చవలసింది అక్కడ కాదు, మన ఇంట్లో. అదీ కనెక్షన్ కలపక ముందే.

విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, ఎంఎస్‌టిఎస్‌సి అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. వచ్చిన పెట్టెలో "షో ఆప్షన్స్" తెరిచి, "డిస్‌ప్లే" అన్నచోట "యూజ్ ఆల్ మై మానిటర్స్" అని మొదలయ్యే గడిలో టిక్కు పెట్టి, అప్పుడు కనెక్ట్ చేయండి. ముందే కలిపి ఉంటే తెంచి మళ్లీ కలపాలి. అంతే! ఇంత చిన్న టిక్కు కోసమా ఆ తల్లి చేత ఆ మాట అనిపించుకున్నాను అనిపించింది.

ఈ సదుపాయం 2009లో విండోస్ 7తో వచ్చింది. అంతకుముందు విస్టాలో "స్పాన్" అని ఒకటుండేది. అది రెండు తెరలనూ ఒకే వెడల్పాటి తెరగా సాగదీసేది. పెద్దది చేసిన పేజీ రెండింటి మీదా పరుచుకుని నడిమికి విరిగేది. ఇప్పటిది ఏ తెరకా తెరగానే లెక్కిస్తుంది, పదహారింటి దాకా. (పదహారు పెట్టుకుంటే మనం కూర్చునేదెక్కడ?)

మూడు తెరలుండి రెండే ఇవ్వాలంటే కొంచెం పని ఉంది. ఎంఎస్‌టిఎస్‌సి తర్వాత ఖాళీ వదిలి, ఏటవాలు గీత, ఎల్ కొడితే తెరల నంబర్లు చూపుతుంది. పై టిక్కు ఉంచి కనెక్షన్‌ను ఫైలుగా సేవ్ చేసి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ఒక కొత్త వరుసలో ఒకే మాటగా సెలెక్టెడ్‌మానిటర్స్, కోలన్, ఎస్, కోలన్, తర్వాత 0,1 అని మీ నంబర్లు చేర్చండి. ఎంచుకున్నవి పక్కపక్క తెరలై ఉండాలి.

రాతప్రతి మీ సొంత కంప్యూటర్‌లోనే ఉంటే ఇదేదీ అక్కర్లేదు. ఒక తెర దూరపు యంత్రానికిచ్చి, రెండోదానిలో ప్రతి తెరుచుకుంటే చాలు. ఇంకో సంగతి, విండోస్ హోమ్ ఉన్న యంత్రం నుంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్లగలం గానీ దానిలోకి ఇలా రాలేం. అవతల ప్రో వంటిది ఉండాలి. నెట్ నెమ్మదిగా ఉన్నరోజు రెండు తెరలూ ఈడుస్తాయి, ఓపిక పట్టాలి. దూరపు కంప్యూటర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టడం మాత్రం వద్దే వద్దు. మన సంఘం కుర్రాళ్లు విపిఎన్ అమర్చారు, దాని ద్వారానే వెళ్తున్నాను.

ఆ నివాళిని ఈ సంచికలో పూర్తిగా మళ్లీ వేశాం. ఎడమ తెరలో అబ్బాయి దస్తూరీ, కుడి తెరలో పేజీ పెట్టుకుని, మాటమాటకూ వేలు పెట్టి చూశాను. పత్రిక అచ్చయి రాగానే మొదటి ప్రతి నేనే ఆమె ఇంటికి తీసుకెళ్తున్నాను.