నారదుడి ప్రశ్నలకు మనం జవాబు చెప్పలేదు

గీత మీద, భారతం మీద ఇన్ని ఉపన్యాసాలు విన్న తరం మనకంటే ముందు ఉండి ఉండదు. తెల్లవారితే టీవీలో ప్రవచనం, బస్సులో ఫోన్లో ప్రవచనం, ఆఫీసులో మేనేజర్లకు గీతాసారం మీద శిక్షణ, కాలేజీ వార్షికోత్సవంలో విదురనీతి మీద ప్రసంగం. ఇంత విన్నాక మీలో ఏం మారిందని ఎవరైనా నిలదీస్తే తలెత్తి జవాబు చెప్పలేం. తప్పు చెప్పినవాళ్లది కాదు. విన్నవాళ్లం, సభలు ఏర్పాటు చేసినవాళ్లం, పత్రికల్లో వ్యాసాలు రాసినవాళ్లం, పిల్లలకు పాఠం చెప్పినవాళ్లం, మనందరిదీ. మనసుకు ఊరటనిచ్చే మాటలు ఏరుకున్నాం. మనల్ని లెక్క అడిగే మాటలు వదిలేశాం.

ఆ లెక్క సభాపర్వం మొదట్లోనే ఉంది. మయుడు కట్టిన కొత్త సభలో ధర్మరాజు కొలువుదీరి ఉండగా నారదుడు వచ్చి వరసగా అడుగుతాడు. సైన్యానికి జీతబత్తేలు వేళకు ఇస్తున్నావా, జాప్యం చెయ్యడం లేదు కదా? నీ పని మీద ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల ఇల్లాళ్లను పోషిస్తున్నావా? రాజ్యంలో అక్కడక్కడా పెద్ద చెరువులు నిండుగా ఉన్నాయా, సేద్యం వాన మీదే ఆధారపడి లేదు కదా? రైతుకు విత్తనానికీ తిండికీ లోటు లేదు కదా? చూపు లేనివాళ్లను, మాట రానివాళ్లను, నడవలేనివాళ్లను, దిక్కులేనివాళ్లను తండ్రిలా చూసుకుంటున్నావా? సొమ్ముతో సహా పట్టుబడ్డ దొంగను నీ అధికారులు ఆశపడి వదిలేయడం లేదు కదా? రామాయణంలో చిత్రకూటం దగ్గర రాముడు కూడా భరతుణ్ణి ఇలాంటివే అడుగుతాడు. జీతాల మాట అక్కడా ఉంది. నన్నయ రాజమహేంద్రవరంలో సభాపర్వాన్ని తెనిగించి దాదాపు వెయ్యేళ్లయింది. అంటే ఈ ప్రశ్నలు మనకు మన భాషలోనే ఇంతకాలంగా అందుబాటులో ఉన్నాయి.

జీతాల ప్రశ్న దగ్గరే మనం ఓడిపోయాం. కూలి పదిహేను రోజుల్లోగా చేతికందాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం చెప్పింది. ఎండలో చెరువు పూడిక తీసిన ఆడవాళ్లు ఆ డబ్బు కోసం నెలల తరబడి బ్యాంకు చుట్టూ తిరిగారు. కాంట్రాక్టు మీద పనిచేసే పారిశుద్ధ్య కార్మికులు జీతాల కోసం మునిసిపల్ ఆఫీసుల ముందు బైఠాయిస్తే, రోడ్డు మీద చెత్త పేరుకుపోయిందని మనం విసుక్కున్నాం. జీతం రాక ఎన్ని నెలలైందని వాళ్లను అడగలేదు. ఇక మన ఇళ్ల సంగతి. పనిమనిషి పండక్కి ఊరెళ్తే ఆ నాలుగు రోజుల డబ్బూ కోసుకున్నాం. రాజనీతి రాజులకే అనుకున్నాం గాని, ఒక మనిషి చేత పని చేయించుకునే ప్రతివాడూ ఆ మేరకు ఏలికేనని మనకు తట్టలేదు.

అంతకంటే పెద్ద అపరాధం గీత విషయంలో చేశాం. ఫలం ఆశించకుండా పనిచెయ్యమన్న మాట విన్నది గాండీవం పట్టిన రాజకుమారుడు. సైన్యాలు అతని వెనక నిలబడి ఉన్నాయి. ఆ మాటను మనం అధికారం ఉన్నవాళ్లకు చెప్పడం మానేసి, జీతం పెంచమని అడిగిన ఉద్యోగికి, పర్మినెంటు చెయ్యమన్న గెస్టు లెక్చరరుకు, ఓవర్‌టైం డబ్బులు అడిగిన వాచ్‌మన్‌కు చెప్పాం. పెద్దవాడు ఎలా నడిస్తే లోకం అలా నడుస్తుందని అదే గీత మూడో అధ్యాయంలో ఉంది. ఆ మాట మాత్రం పైవాళ్లకు గుర్తు చెయ్యలేదు. ఓర్పు కిందివాళ్ల వంతు, కీర్తి పైవాళ్ల వంతు అని శాస్త్రాన్ని పంచిపెట్టింది మనమే.

చెరువుల సంగతి చెప్పాలంటే బాధగా ఉంటుంది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండకూడదని అది వివరంగా చెబుతుంది. ధర్మబుద్ధి గల ప్రభువు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, కట్టడంలో నేర్పున్న పనివాళ్ల బృందం, ముగ్గురూ ఆ పన్నెండులో ఉన్నారు. రోజుకు వెయ్యిమంది చొప్పున రెండేళ్లు పనిచేశారని కూడా రాసిపెట్టారు. నాయకత్వం అంటే ఏమిటో ఇంతకంటే తేటగా ఎవరు చెప్పారు? నాయకుడికి ధర్మం ఉండాలి, తెలిసినవాడి మాట చెల్లాలి, చేతిపని చేసేవాడికి లెక్కలో చోటు దక్కాలి. మనం ఏం చేశాం? చెరువు శిఖంలో లేఅవుట్ వేస్తే, దానికి దేవుడి పేరు పెడితే, భూమిపూజ చేసి ప్లాటు కొన్నాం. 2020 అక్టోబరులో హైదరాబాదులో కాలనీలకు కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. రెండుసార్లూ వానను తిట్టాం, ప్రభుత్వాన్ని తిట్టాం. ప్లాటు కొన్న కాగితాల మీద ఉన్నవి మన సంతకాలే.

నారదుడి మాటలు శ్రద్ధగా విని, అలాగే చేస్తానన్న ధర్మరాజు అదే పర్వంలో రాజ్యాన్నీ తమ్ముళ్లనూ తననూ ద్రౌపదినీ జూదంలో ఒడ్డాడు. నీతి తెలిసిన మనిషి కూడా అంత దూరం జారతాడని వ్యాసుడు దాచకుండా రాశాడు. అయితే నన్ను కుదిపేది ధర్మరాజు కాదు, ఆ సభ. తనను తాను ఓడినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఉందా అని ద్రౌపది అడిగితే, ధర్మం సూక్ష్మమైనదని భీష్ముడు తప్పుకున్నాడు. ద్రోణుడు, కృపుడు పెదవి విప్పలేదు. విదురుడు మందలించాడు. దుర్యోధనుడి తమ్ముళ్లలో ఒకడైన వికర్ణుడు న్యాయం పలికితే కర్ణుడు నోరు మూయించాడు. శాస్త్రం తెలిసినవాళ్లంతా ఆ సభలోనే ఉన్నారు.

మనమూ అలాంటి సభలోనే కూర్చున్నాం. మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషుల్ని దింపి పాకీపని చేయించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. అలా చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఆ తర్వాతా మనుషులు దిగుతూనే ఉన్నారు, చస్తూనే ఉన్నారు. అపార్ట్‌మెంటు డ్రైనేజీ పొంగితే ఫోను చేసి పిలిపించేది మన సంఘమే, బేరమాడేది మన కార్యదర్శే, పైనుంచి చూసేది మనమే. నీ పని మీద ప్రాణం పోయినవాడి ఇల్లాలిని పోషిస్తున్నావా అన్న ప్రశ్న నేరుగా మనకే వర్తిస్తుంది. దానికి ధర్మం సూక్ష్మమని జవాబు చెప్పే వీలు లేదు. ఇక్కడ సూక్ష్మం ఏమీ లేదు.

గీతాజయంతి సభలు పెట్టే పెద్దలకు, ఆఫీసుల్లో నాయకత్వ శిక్షణ ఏర్పాటు చేసే అధికారులకు, అపార్ట్‌మెంటు సంఘాలకు ఒక విన్నపం. వక్తను వేదిక మీదికి పిలిచేముందు మీ సంస్థలో ఎవరెవరికి ఎన్ని నెలల జీతం బకాయి ఉందో ఆ జాబితా అందరి ముందు చదవండి. హాలు ఊడ్చినవాళ్లకు, కుర్చీలు మోసినవాళ్లకు, వంట చేసినవాళ్లకు కూలి ఆ పూటే ఇచ్చేయండి. ఉపన్యాసం ఆ తర్వాత మొదలుపెట్టండి.